పరుగు ఎనిమిది నిమిషాలు... నిరీక్షణ మూడేళ్లు

కానిస్టేబుల్ కొలువు కోసం పల్లె యువత పడిగాపులు

శ్రీకాకుళం: రాష్ట్రంలో 6,100 పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాల భర్తీకి 2022 నవంబరు 28న ప్రకటన వెలువడింది. ఎంపికైన అభ్యర్థులకు మంగళగిరిలో నియామక పత్రాలు అందజేసింది 2025 డిసెంబరు 16న. మధ్యలో మూడేళ్ల పైచిలుకు కాలం కరిగిపోయింది. మైదానంలో 1600 మీటర్ల దూరాన్ని యువకులు ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలని నిబంధన. ఒక్క సెకను ఆలస్యమైనా ఇంటిదారి పట్టాల్సిందే. అభ్యర్థి విషయంలో ఇంత ఖచ్చితంగా ఉండే గడియారం నియామక ప్రక్రియ విషయంలో మాత్రం ఆగిపోయింది.

మన జిల్లాలో ఇది చిన్న సంగతి కాదు. ఇక్కడ పెద్ద పరిశ్రమలు తక్కువ. పొలం చిన్నది, కుటుంబం పెద్దది. చదువుకున్న కుర్రాడు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వలస పోవాలి. లేదంటే ప్రభుత్వ కొలువు కోసం కాచుకోవాలి. గతంలో సైన్యంలో చేరడం మన పల్లెలకు ఒక దారిగా ఉండేది. కరోనా కాలంలో సైనిక నియామక ర్యాలీలు ఆగిపోయాయి. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. చేరిన వారిలో నాలుగేళ్ల తర్వాత సైన్యంలో కొనసాగేది నలుగురిలో ఒకరికి మించరని తేలడంతో చాలామంది చూపు పోలీసు ఉద్యోగం వైపు మళ్లింది. ఇంటర్మీడియట్ చదువుతో, 25,220 రూపాయల మూలవేతనంతో మొదలయ్యే పర్మినెంటు ఉద్యోగం మరొకటి దొరకడం కష్టం. అందుకే తెల్లవారకముందే రోడ్ల మీద, స్కూలు మైదానాల్లో, చెరువు గట్ల మీద పరుగులు తీసే పిల్లలు ఊరూరా కనిపిస్తారు.

ఇంత ఆశ పెట్టుకున్న ఈ కొలువు ఎలా వస్తుంది, ఎక్కడ జారిపోతుంది అన్న అవగాహన మాత్రం చాలా ఇళ్లలో లేదు.

జల్లెడ పడేది ఎక్కడ?

ఈ విడత నియామకాలకు రాష్ట్రవ్యాప్తంగా ఐదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2023 జనవరి 22న జరిగిన ప్రాథమిక రాత పరీక్షకు నాలుగున్నర లక్షల మందికి పైగా హాజరయ్యారు. అందులో అర్హత సాధించినవారు 95,208 మంది. దేహదారుఢ్య పరీక్షలు గట్టెక్కి తుది రాత పరీక్షకు అర్హులైనవారు దాదాపు 39 వేలు. చివరికి కొలువు దక్కింది సుమారు 6 వేల మందికి.

ఈ లెక్కలో గమనించాల్సిన విషయం ఒకటుంది. ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు మైదానంలో అడుగు పెట్టకముందే, మొదటి రాత పరీక్షలోనే వెనుదిరిగారు. రోజూ పది మైళ్లు పరుగెత్తగల కుర్రాడు కూడా ఆ పరుగు చూపించే అవకాశమే రాకుండా ఇంటికి చేరాడన్నమాట. ఆ పరీక్షలో అర్హత మార్కులు ఓసీలకు 40 శాతం, బీసీలకు 35 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 30 శాతం మాత్రమే. 200 ప్రశ్నలకు 70 సరిగా రాస్తే బీసీ అభ్యర్థి గట్టెక్కుతాడు. అంకగణితం, రీజనింగ్, ఇంగ్లీషు, సామాన్య శాస్త్రం, చరిత్ర, వర్తమాన వ్యవహారాలు ఇందులో ఉంటాయి. మన పిల్లలు తడబడుతున్నది ఎక్కువగా లెక్కల్లోనూ ఇంగ్లీషులోనూ. ఇవి ఇంటర్ తర్వాత ఆరు నెలల కోచింగ్‌తో వచ్చేవి కావు. ఎనిమిదో తరగతి నుంచి గట్టిపడాల్సినవి.

సివిల్ వేరు, ఏపీఎస్పీ వేరు

6,100 పోస్టుల్లో 3,580 సివిల్ విభాగానివి. ఇవి స్త్రీ పురుషులిద్దరికీ. మిగిలిన 2,520 ఏపీ స్పెషల్ పోలీసు బెటాలియన్లవి. ఇవి పురుషులకే. మన పొరుగున విజయనగరం దగ్గర చింతలవలసలో ఉన్నది అలాంటి బెటాలియనే. సివిల్ కానిస్టేబుల్ పోలీసు స్టేషన్‌లో పనిచేస్తాడు. బెటాలియన్ కానిస్టేబుల్ బందోబస్తుకు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి.

ఈ రెండింటికీ ఎంపిక పద్ధతిలో ఉన్న తేడా చాలామందికి తెలియదు. సివిల్ పోస్టుకు పరుగు, దూకుడు కేవలం అర్హతకే. 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. దానితోపాటు 100 మీటర్ల పరుగులోగానీ, లాంగ్‌జంప్‌లోగానీ ఒకదానిలో నెగ్గితే చాలు. పురుషులు 100 మీటర్లు 15 సెకన్లలో పరుగెత్తాలి, లేదా 3.80 మీటర్లు దూకాలి. మహిళలకు 1600 మీటర్లకు పది నిమిషాల 30 సెకన్లు, 100 మీటర్లకు 18 సెకన్లు, లాంగ్‌జంప్‌కు 2.75 మీటర్లు. ఎంత వేగంగా పరుగెత్తినా అదనంగా ఒక్క మార్కు కూడా రాదు. కొలువును తేల్చేది 200 మార్కుల తుది రాత పరీక్షే.

బెటాలియన్ పోస్టుకు అలా కాదు. మైదానంలో 100 మార్కులు, తుది రాత పరీక్షలో 100 మార్కులు. కాళ్లలో సత్తువ ఉండి చదువులో కొంత వెనుకబడిన కుర్రాడికి ఇక్కడ అవకాశం ఎక్కువ. అతను 1600 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో ముగించి తృప్తి పడకూడదు. ఎంత తగ్గిస్తే అంత లాభం. ఎవరి బలం ఎక్కడుందో ముందే తెలుసుకుని సాధన చేస్తే సగం శ్రమ కలిసొస్తుంది. అందరూ ఒకే మూసలో పరుగెత్తడం వల్ల ప్రయోజనం లేదు.

ఆలస్యం ఎందుకు జరిగింది?

ప్రాథమిక పరీక్ష జరిగిన రెండు వారాలకే, 2023 ఫిబ్రవరి 5న ఫలితాలు ఇచ్చారు. అంతవరకు అంతా సవ్యంగానే సాగింది. మార్చిలో జరగాల్సిన దేహదారుఢ్య పరీక్షలు శాసనమండలి ఎన్నికల కారణంగా వాయిదా పడ్డాయి. ఆ తర్వాత హోంగార్డుల కోటాపై దాఖలైన వ్యాజ్యాలు అడ్డొచ్చాయి. 2024లో సాధారణ ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. చివరకు మైదానం తలుపులు తెరిచింది 2024 డిసెంబరు 30న. అంటే ఫలితాలు వచ్చిన 23 నెలలకు. తుది రాత పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టు 1న వచ్చాయి. డిసెంబరు 22 నుంచి తొమ్మిది నెలల శిక్షణ మొదలైంది.

ఎన్నికలు, కోర్టు కేసులు ఉన్నప్పుడు ఆలస్యం తప్పదని సరిపెట్టుకోవచ్చా? దీనికి అంతకుముందు విడతే సమాధానం చెబుతుంది. 2018 నవంబరులో ప్రకటన వెలువడింది. 2019 జనవరి 6న ప్రాథమిక పరీక్ష, మార్చి 17న తుది పరీక్ష జరిగాయి. సెప్టెంబరు 12న ఫలితాలు వెలువడ్డాయి. మొత్తం పది నెలలు. అదే ఏడాది సాధారణ ఎన్నికలు జరిగాయి, అప్పుడూ ప్రభుత్వం మారింది. కాబట్టి ఎన్నికలను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. కోటా నిబంధనల్లో సందిగ్ధత లేకుండా ప్రకటన ఇవ్వడం, వ్యాజ్యం పడితే త్వరగా తేలేలా గట్టిగా వాదించడం ప్రభుత్వ బాధ్యత. అది జరగనప్పుడు నష్టపోయేది వ్యాజ్యం వేసినవారు మాత్రమే కాదు, దానితో సంబంధం లేని 95 వేల మంది.

వయసు ఎవరి కోసం ఆగదు

ఎదురుచూపుల ఖరీదు రెండు విధాలు. మొదటిది డబ్బు. పట్నంలో గది అద్దె, మెస్సు, కోచింగ్ ఫీజు, పుస్తకాలు నెలనెలా కావాలి. ఆ కుర్రాడు పనికి వెళితే ఇంటికి వచ్చే రాబడి కూడా ఆగిపోతుంది. ఆరు నెలలకు అప్పు చేసిన తండ్రి మూడేళ్లు వడ్డీ కట్టాల్సి వచ్చింది. ఇది మధ్యలో వదిలేయడానికి వీల్లేని పరిస్థితి. వదిలేస్తే పెట్టినదంతా మట్టిపాలు, కొనసాగితే అప్పు పెరుగుతుంది. ప్రాథమిక పరీక్షలో నెగ్గి కూడా మైదానానికి రాని అభ్యర్థులున్నారంటే ఈ ఒత్తిడి ఎంతటిదో అర్థమవుతుంది.

రెండోది వయసు. దీనిపై ఊళ్లలో ఒక అపోహ ఉంది. ప్రక్రియ ఆలస్యమైతే వయసు దాటిపోతుందని చాలామంది కంగారుపడతారు. దరఖాస్తు చేసుకున్నవారికి ఆ భయం లేదు. ఈ విడతకు వయసును 2022 జులై 1 నాటికే లెక్కగట్టారు. అసలు దెబ్బ తగిలేది ఒక ప్రకటనకూ మరో ప్రకటనకూ మధ్య ఉన్న ఎడంలో. 2018 తర్వాత మళ్లీ ప్రకటన రావడానికి నాలుగేళ్లు పట్టింది. మొదటిసారికి 20 ఏళ్లున్న ఓసీ యువకుడికి రెండోసారి వచ్చేసరికి 24 నిండాయి. గరిష్ఠ వయసు కూడా 24 ఏళ్లే. ఆందోళనల తర్వాత ప్రభుత్వం ఈ విడతకు రెండేళ్ల సడలింపు ఇచ్చింది కాబట్టి కొంత ఊరట దక్కింది. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ల సడలింపు ఎటూ ఉంది. ఒక విడత మూడేళ్లు సాగితే తర్వాతి విడత కూడా ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లల మీదా ఈ భారం పడుతుంది.

ఎత్తు ముందే కొలిపించుకోండి

పురుషులకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు, 86.3 సెంటీమీటర్ల ఛాతీ ఉండాలి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ మరో అయిదు సెంటీమీటర్లు పెరగాలి. మహిళలకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు తప్పనిసరి. ఏజెన్సీ ప్రాంతాల గిరిజన యువకులకు ఎత్తు 160 సెంటీమీటర్లు, గిరిజన యువతులకు 150 సెంటీమీటర్లు ఉంటే చాలు.

రాత పరీక్ష నెగ్గి, ఎత్తు దగ్గర అర సెంటీమీటరు తక్కువై తిరిగొచ్చిన పిల్లలు ఉంటారు. ఎస్సై ఉద్యోగాల విడతలో ఇదే వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. గతంలో సరిపోయిన ఎత్తు ఇప్పుడెలా తగ్గుతుందని కొందరు అభ్యర్థులు ప్రశ్నించారు. 2023 చివర్లో న్యాయస్థానం తన పర్యవేక్షణలోనే వారి ఎత్తు కొలిపించింది. నియామక మండలి కొలతలే సరైనవని తేలింది. గోడకు గీత గీసి స్కేలుతో కొలిచి సరిపోయిందనుకోవడం పొరపాటు. ప్రభుత్వాసుపత్రిలో చెప్పులు లేకుండా, నిటారుగా నిలబెట్టి కొలిపించుకోవాలి. కోచింగ్‌కు డబ్బు కట్టడానికి ముందే ఈ పని చేస్తే ఎత్తు చాలనివారు మరో ఉద్యోగానికి సిద్ధం కావచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఊరి తగవు, ఉద్యోగానికి ఎసరు

అన్ని పరీక్షలూ నెగ్గాక కూడా చివరి గడప దగ్గర కొలువు చేజారే ప్రమాదం ఉంది. అదే పోలీసు విచారణ. ఎంపికైన ప్రతి అభ్యర్థీ తనపై కేసులున్నాయా, అరెస్టయ్యాడా అన్న వివరాలు ధ్రువీకరణ పత్రంలో రాయాలి. దానిపై స్టేషన్‌లో విచారణ జరుగుతుంది.

మన ఊళ్లలో కేసులు ఎలా పుడతాయో అందరికీ తెలిసిందే. గట్టు తగాదా, జాతరలో తోపులాట, సంక్రాంతి కోడిపందెం, ఎన్నికలనాటి కొట్లాట. పెద్దలు గొడవ పడి, ఫిర్యాదులో అవతలివారి ఇంట్లో చదువుకుంటున్న కుర్రాడి పేరు కూడా చేర్చడం చాలాచోట్ల అలవాటైపోయింది. ఆ తర్వాత రాజీ పడతారు, లోక్ అదాలత్‌లో కేసు ముగిసిపోతుంది, ఊరు మరిచిపోతుంది. రికార్డు మాత్రం మరిచిపోదు.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. కేసు ఉండటం కంటే దాన్ని దాచడం పెద్ద తప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విడమరిచి చెప్పింది. శిక్ష పడినా, కొట్టేసినా, విచారణలో ఉన్నా ఉన్నదున్నట్లు రాయాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాలను అధికారులు మన్నించవచ్చు. తీవ్రమైన కేసు దాచినట్లు తేలితే నియామకాన్ని రద్దు చేయవచ్చు. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని కాదు. పరిశీలించి నిర్ణయం తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. ‘కేసు కొట్టేశారు కదా, ఎందుకు రాయడం’ అని సలహా ఇచ్చే ఊరి లాయర్ల మాట విని పిల్లలు భవిష్యత్తు పోగొట్టుకోకూడదు.

పెద్దలు కూడా ఆలోచించాలి. కక్షతో పొరుగింటి కుర్రాడి పేరు ఫిర్యాదులో చేర్పిస్తే అవతలివారు అదే పని చేస్తారు. రెండిళ్ల పిల్లలూ నష్టపోతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

వలస కుటుంబాలకు ఒక హెచ్చరిక

సివిల్ కానిస్టేబుల్ పోస్టులను జిల్లాల వారీగా కేటాయిస్తారు. ఈ విడతలో ఉమ్మడి జిల్లాల లెక్కన భర్తీ చేశారు. మన జిల్లా వాటా వంద పోస్టులే. ఇందులో 80 శాతం స్థానికులకు. స్థానికుడెవరన్నది రేషన్ కార్డునో, సొంత ఇంటినో బట్టి తేల్చరు. పదో తరగతి, దానికి ముందు తరగతులు ఎక్కడ చదివారన్నదే ప్రధానం.

పనుల కోసం పిల్లలతో సహా హైదరాబాదుకో, చెన్నైకో వెళ్లి అక్కడే బడిలో చేర్పించిన కుటుంబాలు మన జిల్లాలో చాలా ఉన్నాయి. ఆ పిల్లలు తర్వాత సొంత ఊరు వచ్చినా ఇక్కడ స్థానికులు కాకపోవచ్చు. తాత దగ్గరో, మేనమామ ఇంట్లోనో ఉంచి చదివించే వీలుంటే ఈ సంగతి మనసులో పెట్టుకోవడం మంచిది. బడి మారినప్పుడల్లా స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని భద్రపరచుకోవాలి. పాత బడి మూతపడ్డాక వాటి కోసం తిరగడం పెద్ద ప్రయాస.

దళారుల మాట నమ్మొద్దు

నిరీక్షణ ఎంత పెరిగితే దళారుల పంట అంత పండుతుంది. ‘పైన మనవాళ్లున్నారు, ఇంత కడితే పేరు జాబితాలో ఉంటుంది’ అంటూ వచ్చేవారికి ఆలస్యం పెట్టుబడి. పరుగు సమయాన్ని యంత్రం లెక్కిస్తుంది, జవాబు పత్రాన్నీ యంత్రమే దిద్దుతుంది. దళారి చేసేది ఒక్కటే. పది మంది దగ్గర సొమ్ము తీసుకుని, సొంత ప్రతిభతో ఒకరిద్దరు నెగ్గితే అది తన చలవేనని చాటుకుంటాడు. మిగిలినవారికి రేపు మాపు అని తిప్పుతాడు. ఫిర్యాదు చేద్దామన్నా దారి ఇరుకే. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరం. పొలం అమ్మి డబ్బు కట్టిన తండ్రి సొమ్ము పోగొట్టుకోవడమే గాక నిందితుడిగా నిలబడాల్సి రావచ్చు.

ఆడపిల్లలకు మైదానమేదీ?

సివిల్ పోస్టుల్లో మూడోవంతు మహిళలవి. పరీక్ష రాసే ఆడపిల్లల సంఖ్యకు మన జిల్లాలో కొరత లేదు. వారికి కొరవడింది పరుగెత్తే చోటు. చీకటితో రోడ్డు మీదికి పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. జాతీయ రహదారి పక్కన పరుగెత్తడం మగపిల్లలకే ప్రమాదం. చాలా ఉన్నత పాఠశాలలకు మైదానాలున్నాయి, సాయంత్రం కాగానే గేట్లకు తాళాలు పడతాయి. ఉదయం, సాయంత్రం రెండు గంటలు గేటు తెరిచి, వ్యాయామ ఉపాధ్యాయుడికి కొంత గౌరవ వేతనం ఇస్తే సరిపోతుంది. పంచాయతీ తలుచుకుంటే చేయగలిగిన పని ఇది.

చేయాల్సిందేమిటి?

ఏ ఏడాదిలో ఎన్ని పోస్టులు ఖాళీ అవుతాయో పోలీసు శాఖకు ముందే తెలుసు. ఎవరు ఎప్పుడు రిటైరవుతారో రికార్డుల్లోనే ఉంటుంది. కాబట్టి ఏటా ఒక నిర్ణీత నెలలో ప్రకటన, ఏడాదిలోగా నియామకం అన్నది అసాధ్యమేమీ కాదు. నాలుగేళ్లకోసారి ఆరు వేల పోస్టులు ఒక్కుమ్మడిగా వేసే బదులు ఏటా పదిహేను వందల చొప్పున వేస్తే శిక్షణ కేంద్రాల మీద ఒత్తిడీ తగ్గుతుంది, పిల్లలకు వయసు గండమూ తప్పుతుంది. ఒకసారి తప్పినవాడు మరుసటేడు మళ్లీ ప్రయత్నిస్తాడు. ఖాళీలు నిండకపోతే స్టేషన్లలో ఉన్న కొద్దిమందే రాత్రి గస్తీ, బందోబస్తు, కేసుల పని అన్నీ చూసుకోవాలి. ఆ లోటు భరించేది ఫిర్యాదు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లే మన ఊరివాళ్లే.

ప్రభుత్వం కదిలేవరకు కుటుంబాలు తమ జాగ్రత్తలో తాముండాలి. పోలీసు ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుని మిగతా చదువు ఆపించడం మంచిది కాదు. ఇంటర్‌తో ఆగకుండా డిగ్రీ కొనసాగిస్తే ఎస్సై పోస్టుకూ అర్హత వస్తుంది, మరో నాలుగు పరీక్షలకూ పనికొస్తుంది. ఎలక్ట్రికల్ పనో, డ్రైవింగో, కంప్యూటరో ఏదో ఒక విద్య చేతిలో ఉంటే నిరీక్షణ కాలంలో అప్పు పెరగదు. స్టడీ సర్కిళ్లు, ఐటీడీఏలు, కొన్ని సందర్భాల్లో జిల్లా పోలీసులు ఉచిత శిక్షణ ఇస్తుంటారు. డబ్బు కట్టేముందు అక్కడ వాకబు చేయాలి.

ఎనిమిది నిమిషాల్లో పరుగు పూర్తి చేయకపోతే అభ్యర్థిని ప్రభుత్వం పక్కన పెడుతోంది. ఏడాదిలో నియామకం పూర్తి చేయాలన్న నిబంధన తనకూ పెట్టుకుని పాటిస్తే, పొద్దున్నే రోడ్డెక్కే పిల్లలకు తమ గమ్యం ఎంత దూరమో తెలుస్తుంది.